అమావాస్యనాటి కమాను పట్టీ

కల్లూరులో మా సందు చివర లారీల కమాన్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. పొద్దు వాలే వేళకు అక్కడ ఎర్రగా కాలిన ఇనుప పట్టీని పట్టకారుతో ఎత్తి నూనె డ్రమ్ములో ముంచుతారు. చుయ్యిమని లేచే ఆ పొగలో మాడిన నూనె, కాలిన ఇనుము, వాటి అడుగున బొగ్గు మసి కలిసిన వాసన గాలివాటుకు మా వరండా దాకా వస్తుంది. మా కోడలు ముక్కు చిట్లించి కిటికీ మూస్తుంది. నేను మాత్రం చేతిలో పని వదిలేసి అలా కూర్చుండిపోతాను. మా ఇంట్లోనే కాదు, మా ఇళ్ల వరసలోని అందరి ఇళ్లలోనూ పప్పులో, పచ్చడిలో, చివరికి పిల్లల తలకు రాసిన నూనెలో కూడా ఆ వాసనే వచ్చిన రోజులు నా బాల్యంలో కొన్ని ఉన్నాయి. వాటి గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. మాట్లాడగలిగిన వాళ్లంతా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను.

మైదుకూరుకు కాస్త ఇవతల, కర్నూలు రోడ్డు పక్కన మిషను ఆవరణ ఉండేది. ముందు కడప బండలు పరిచిన గుడి, గుడి ముందు గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాని వెనక పది మంచాల ఆసుపత్రి, అందులో వైద్యం చేసే దొరసాని బంగళా, అన్నిటికీ వెనక ఒకే గోడను పంచుకున్న పనివాళ్ల ఇళ్లు. చెట్లు తక్కువ, ఎండ ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద నీళ్లు చల్లితే అవి తడవకముందే ఆవిరయ్యేవి. చుట్టుపక్కల చేలన్నీ జొన్న, కొర్ర, మేము చెనిక్కాయ అనే వేరుశనగ. వాన వస్తే పంట, రాకపోతే గంజి. రెండో యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో గంజికి కూడా బియ్యం వెతుక్కోవాల్సి వచ్చేది, కిరసనాయిలు చీటీ మీద ఇచ్చేవారు, రోడ్డు మీద తిరిగే ఒకే ఒక్క బస్సు పెట్రోలు లేక వీపున బొగ్గుల పొయ్యి మోసుకుంటూ దగ్గుకుంటూ పోయేది.

మా నాయన ఏసోబు దొరసాని కారు నడిపేవాడు, సంఘంలో పెద్ద కూడా. ఆయన ఇంట్లో ఆదివారం అంటే శనివారం సాయంత్రమే మొదలయ్యేది. నీళ్లు తోడి తొట్లు నింపడం, తలలు దువ్వి జడలు వేయడం, జొన్నరొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టడం, చెనిక్కాయల ఊరిబిండి నూరి రాచిప్పలో పెట్టడం, అన్నీ దీపం పెట్టేలోపు అయిపోవాలి. మేము అచ్చనగండ్లాడే రాళ్లను కూడా నాయన తన చేత్తో మూటగట్టి ఉట్టిలో పెట్టేవాడు. మరుసటి రోజు పొయ్యిలో నిప్పు ఉండదు, చీపురు కదలదు, సూదిలో దారం ఎక్కదు. ఆ రోజంతా వాక్యం, పాటలు, చల్లారిన రొట్టె. నాకు ఆ చల్లారిన రొట్టె రుచి ఇప్పటికీ ఇష్టం. కష్టమని అప్పుడు అనిపించలేదు. దేవుడు మా ఇంటికి వచ్చే రోజు కాబట్టి ఇల్లు ఊపిరి బిగబట్టి కూర్చుందని అనుకునేదాన్ని.

దొరసాని కారు సంగతి చెప్పాలి. అది ఆసుపత్రి పనికి కొన్నది కాదు. ముగ్గురాళ్ల గనులు చూసుకునే ఒక పడుచు దొర పందేలకని తమ దొరల సీమ నుంచి తెప్పించుకున్న బండి. యుద్ధానికి పోతూ దాన్ని మిషనుకు ఇచ్చేసిపోయాడు. పైకప్పు లేదు, ఇద్దరికే చోటు, పొడుగాటి ముక్కు, ఇంజను మూత మీదుగా తోలు పట్టా, తీగల చక్రాలు. ఎంత పొట్టిదంటే గేదె ఎదురొస్తే నాయన తలెత్తి చూడాలి. సంత రోజున జనం చుట్టూ మూగి, "ఏమప్పా ఏసోబూ, ఇది కారా మంచమా? కూసుంటే ముడ్డి నేలకు రాసుకుంటాది గదా," అని నవ్వేవాళ్లు. నునుపైన సీమ రోడ్ల కోసం చేసిన బండి మా వాగు వంకల్లో, రాళ్లలో పడి నలిగిపోయేది. అందులోనూ దాని వెనక కమాన్లు మహా మొండివి. ఇరుసుకు అటూ ఇటూ వింటి బద్దల్లా వంచి, ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలను మా వైపు కమాను అంటారు. రోడ్డు దెబ్బనంతా అదే తినాలి. కానీ పందెపు బండి కమాను దెబ్బను తినదు, కూర్చున్నవాళ్ల నడుముకు అందిస్తుంది.

మా అక్క సుగుణ నాకంటే ఏడేళ్లు పెద్దది. ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. క్రిస్మస్‌కు కజ్జికాయల అంచులు అక్క మడిచినట్టు ఆ వరసలో ఎవరూ మడవలేకపోయేవారు. చిన్న చిన్న మడతలు, జడ అల్లినట్టు. ఆ చలికాలంలో మొదలైన దగ్గు ఎండలు ముదిరినా పోలేదు. ఒకరోజు తువ్వాలలో రక్తం పడింది. దొరసాని పరీక్ష చేసి క్షయ అంది. దక్షిణాన కొండల దగ్గర ఆ జబ్బుకే కట్టిన ఆసుపత్రి ఉందని, అక్కడి చల్లగాలికి, మందుకు ఊపిరితిత్తులు మానిన పడుచులను తాను చూశానని చెప్పి రాసి పంపింది. వేసవి నడిమధ్యలో కబురొచ్చింది. ఒక మంచం ఖాళీ అయింది, సోమవారం సాయంత్రం దాకా అట్టిపెడతాం, రాకపోతే వరసలో తర్వాతి వాళ్లకు ఇస్తాం అని.

అమ్మ ఆ కబురు విన్న రోజే రేకుపెట్టె సర్దింది. కానీ తీసుకుపోవడం ఎలా? ఎద్దులబండి కుదుపుకు మళ్లీ రక్తం పడుతుందని దొరసాని గట్టిగా చెప్పింది. బొగ్గు బస్సువాడు క్షయ రోగిని ఎక్కించుకోనన్నాడు. మంచం మీద మోసుకుపోయేంత దగ్గరా కాదు. మిగిలింది ఆసుపత్రి పేరు మీద పెట్రోలు చీటీ ఉన్న ఆ పొట్టి కారే. దాని కుదుపూ తక్కువేమీ కాదని నాయనకు తెలుసు. అందుకే శనివారం పొద్దున కారును దిమ్మెల మీదికెత్తి, వెనక రెండు కమాన్లూ విప్పి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో పట్టీ తీసేశాడు. పట్టీలు తగ్గితే కమాను మెత్తబడుతుంది, బిడ్డకు దెబ్బ తగలదు. అది తండ్రి చేసిన లెక్క. తీసిన పట్టీలను గోడకు ఆనించి, "ఇంగ ఊయల మాదిరి పోతాదమ్మా," అని అక్కతో అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నవ్వు తర్వాత దగ్గు రాలేదు.

మధ్యాహ్నం, పెట్టె బరువుకూ మనిషి బరువుకూ బదులు రెండు ఇసుక మూటలు వేసుకుని వంక దాకా పోయి చూసొస్తానని వెళ్లాడు. వంక దాటేచోట గుంటలో ఎడమ వెనక చక్రం దిగింది. తగ్గిన పట్టీల మీద ఆ బరువంతా పడి, చివర్లలో చుట్టిన చెవులతో బండిని పట్టుకునే పెద్ద పట్టీ నడుము దగ్గర రెండు ముక్కలైంది. నాయన, ఇద్దరు పొలం మనుషులు కలిసి కారును ఇంటికి తోసుకొచ్చారు. ఒక పక్కకు కూలబడి అది దెబ్బతిన్న పశువులా ఉంది. నాయన మొహం చూసి అమ్మ లోపలికి పోయి నీళ్లచెంబు తెచ్చింది.

పొద్దుగూకేలోపు ఊరి కమ్మరి వీరాచారిని పిలుచుకొచ్చారు. ఆయన నాగళ్ల కర్రులు, బండి కమ్ములు చేసే మనిషి. కారు కమాను ఎన్నడూ ముట్టలేదని మొదటే చెప్పాడు. అయినా విరిగిన ముక్కలను చేతిలో తిప్పి చూసి, బస్సువాళ్ల షెడ్డులో పాత పట్టీలు పడి ఉన్నాయి, ఒకటి పట్టుకొస్తే కాల్చి, కోసి, దీని వంపుకు తెస్తాను అన్నాడు. ఒక పగలు పడుతుందట. రేపు తెల్లవారి కొలిమి వెలిగిస్తానన్నాడు. రేపు ఆదివారం అని నాయన అన్నాడు. ఎల్లుండి అమావాస్య అని ఆచారి అన్నాడు. అమావాస్య నాడు కమ్మరి ఇంట నిప్పు వేయరు. మా ఆదివారం వాళ్లకు తెలుసు, వాళ్ల అమావాస్య మాకు తెలుసు. ఇద్దరూ కారుకు అటొకరు ఇటొకరు నిలబడిపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్లకు పోలేదు. సంగతి అందరికీ తెలిసిపోయింది. గుడి అయ్యగారు నెమ్మదైన మనిషి. విశ్రాంతిదినాన గొర్రె గుంటలో పడితే పైకి తీయరా అని ప్రభువే అడిగాడు కదా, ఏసోబూ, ఇది బిడ్డ ప్రాణం, నీ మనసుకు ఏ అభ్యంతరమూ వద్దు, కొలిమి వెలిగించమని చెప్పు అన్నారు. సంఘమంతా అవునంది. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చూపు అయ్యగారి మీద లేదు, మగవాళ్ల వరస చివర గోడకు ఆనుకున్న దావీదు మీద ఉంది, మా పక్క ఇళ్లలోనే ఉండే ఆయన్ను పిల్లలం మామ అని పిలిచేవాళ్లం.

అంతకు ముందు ఏడు దావీదు మామ చేలో పీకిన చెనిక్కాయ చెట్లు ఆరబెట్టి ఉండగా ఆదివారం నాడు మబ్బు పట్టింది. తడిస్తే కాయ మొలకెత్తి పోతుంది. మామ, అత్త ఇద్దరూ ఆరాధన మధ్యలో లేచిపోయి చెట్లను కుప్పగా వామి వేసుకున్నారు. ఆ తప్పుకు మామను కొన్ని నెలలు ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకూడదని సంఘంలో పట్టుబట్టింది మా నాయనే. అయ్యగారు మెత్తబడినా ఈయన ఒప్పుకోలేదు. మబ్బును పంపినవాడు కాయను కాపాడలేడా అని అడిగాడు. మామ ఎదురు చెప్పకుండా ఆ నెలలన్నీ రొట్టె, ద్రాక్షరసం తన ముందు నుంచి పోతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడేమంటాడో చూద్దామని అందరూ మామ వైపే చూశారు. ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది కూడా. మామ లేచి నాయన దగ్గరికి వచ్చాడు.

"చెనిక్కాయలు పోయింటే ఇంగో ఏడు పండునన్నా," అన్నాడు. "బిడ్డ పోతే యాడ తెస్తావు? పా, ఆచారి కాడికి. తిత్తి నేనూత్తా."

నాయన మామ వైపు తిరిగాడు.

"నీకో న్యాయం, నాకో న్యాయమా దావీదూ? నీ చేని కాడ కండ్లు తెరుచుకోనుండిన దేవుడు నా బిడ్డ కాడ కండ్లు మూసుకుంటాడా? నేను ఏ మొకం పెట్టుకోని ఈ పొద్దు నిప్పు వెయ్యాల?"

"నా తట్టు సూడాకన్నా. నేను మర్చిపోతి," అన్నాడు మామ.

"నేను మర్చిపోలే," అని నాయన గుడి మెట్లు దిగి ఇంటికి వచ్చేశాడు.

ఆ రోజు ఎవరూ రొట్టె విప్పలేదు. అమ్మ సర్దిన పెట్టె పక్కన, దాని మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మా నాయన మాటకు ఆమె ఎన్నడూ ఎదురాడింది కాదు. ఆ రోజూ ఆడలేదు. నాయన లోపలి గదిలో మోకాళ్ల మీద ఉన్నాడు. ఎండ తగ్గే వేళ అక్క నన్ను పిలిచి, నా చెవి దగ్గరకు తన పొడిబారిన నోరు తెచ్చింది.

"గోడెక్కి సూడు పో. ఆచారోళ్ల ఇంటి మీద పొగ లేస్తాండాదేమో."

నేను గోడెక్కాను. ఊరి మీద ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది. కిందికి దిగివచ్చి లేదక్కా అన్నాను. ఇంకోసారి చూసి రమ్మంది. మళ్లీ ఎక్కాను. మళ్లీ లేదన్నాను.

"నాకు పోవాలని శానా ఉండాది," అని అక్క గోడ వైపుకు తిరిగి పడుకుంది. నాయనకు ఆ మాట వినిపించిందో లేదో నాకు తెలియదు. రెండు గదుల మధ్య ఉన్నది చాప తెర ఒక్కటే.

సోమవారం తెల్లవారేసరికి అమ్మ ఇంట్లో లేదు. ఎవరికీ చెప్పకుండా ఆచారి ఇంటికి వెళ్లింది. మా వాళ్లు కమ్మరి వాకిట్లోకి అడుగుపెట్టే రోజులు కావు. ప్రహరీ బయట రోడ్డు మీదే నిలబడిందట. ఆచారి తల్లి వాకిలి చిమ్ముతూ చూసి కూడా చూడనట్టు ఊరుకుందట. ఆయన బయటికి వచ్చాక అమ్మ ఏమీ అడగలేదు, నిలబడే ఉంది. ఈ రోజు అమావాస్యమ్మా, కొలిమికి పసుపు నీళ్లు చల్లి పండబెట్టాం, మా అమ్మ ఉండగా ఇక్కడ నిప్పు వేయలేను అని ఆయన లోపలికి తిరిగాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"మీ ఆవరణలో కొలిమికి గుంట తీపియ్యమ్మా. తిత్తి నేనెత్తుకోనొస్తా. అమావాస్యదేముండాది, నెలనెలా వస్తానే ఉంటాది."

అమ్మ ఇంటికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు నాయనకు చెప్పింది. అప్పటికే నాయన కారు షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. గడ్డపార చేతిలోకి తీసుకుని పైకెత్తి, అలాగే కాసేపు ఆగి, ఆ తర్వాత తవ్వడం మొదలుపెట్టాడు. పోస్టాఫీసు తెరవగానే దొరసాని మనిషిని పంపి, ఒక రోజు ఆలస్యంగా వస్తున్నాం, మంచం ఉంచండని తంతి కొట్టించింది.

వీరాచారి భుజాన తిత్తి, చేతిలో సుత్తె, పట్టకారు పెట్టుకుని వచ్చాడు. నడిరోడ్డు మీద నుంచి, జనం చూస్తుండగా, మా ఇళ్ల మధ్యకు అమావాస్య నాడు కమ్మరి రావడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. గుంటలో బొగ్గు పోసి నిప్పు పుట్టించారు. తిత్తికి ఒక పక్క నాయన, ఇంకో పక్క దావీదు మామ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే వరసలో నొక్కుతున్నారు. బస్సు పట్టీ వెడల్పు ఎక్కువ. దాన్ని ఎర్రగా కాల్చి, ఉలి పెట్టి అంచు కోసి, విరగని కుడివైపు కమాను వంపుకు నేల మీద ముగ్గుపిండితో గీత గీసుకుని, ఆ గీత మీద పెట్టి చూస్తూ, సరిపోకపోతే మళ్లీ కాల్చి కొట్టారు. చివర్లు గునపం చుట్టూ తిప్పి చెవులు చేశారు. సుత్తె దెబ్బ పడినప్పుడల్లా అక్క కళ్లు మూసి తెరిచేది. ఆ రోజు ఆమె మంచం వసారాలోకి తెచ్చి వేశారు, చూస్తానంటే.

అంతా అయ్యాక ఆచారి అలవాటు కొద్దీ నాగలి కర్రును ముంచినట్టే పట్టీని నీళ్లలో ముంచాడు. టప్పుమని చిన్న శబ్దం. తీసి చూస్తే నిలువునా చీలిక. పగలు సగం పోయింది. ఆచారి ఆ ముక్కను పక్కన పెట్టి, తప్పు నాదే, ఇది నీళ్లకు ఓర్చే ఉక్కు కాదు, నూనె కావాలి, తొట్టి నిండా కావాలి అన్నాడు. యుద్ధకాలంలో తొట్టెడు నూనె ఎవరింట్లో ఉంటుంది? అమ్మ మా బుడ్డిలో ఉన్నదంతా తెచ్చి పోసింది. అది అడుగు తడిపింది. దావీదు మామ పెళ్లాం వెళ్లి తమ ఇంటి చెనిక్కాయ నూనె తెచ్చింది, నిరుడు వామి వేసుకున్న కాయల్లో మిగిలినవి ఆడించిన నూనె. ఆ తర్వాత వరసలోని ఆడవాళ్లంతా ఒక్కొక్కరే, ఒకరు గిద్దెడు ఆముదం, ఒకరు చెంబు అడుగున నువ్వుల నూనె, ఒక ముసలామె కీళ్లకు రాసుకునే వేపనూనె కూడా తెచ్చి పోశారు. బస్సు షెడ్డు నుంచి తెచ్చిన రెండో పట్టీ మీద మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఎర్రటి పట్టీ ఆ నూనెలో మునిగినప్పుడు లేచిన పొగ గుడి కప్పు దాకా వెళ్లింది. పట్టీ పగల్లేదు. తర్వాత పెళుసు పోయేందుకు దాన్ని మళ్లీ సన్నని సెగ మీద కాచి, వేడి చాలిందో లేదో ఎండిన వేపపుల్ల రాసి చూసి, పుల్ల జారుతూ మినుకులు రాలినప్పుడు తీసి బూడిదలో పూడ్చి చల్లార్చారు. నాయన గోడకు ఆనించిన పట్టీలను కూడా ఎక్కడివక్కడ పేర్చి, మధ్య బోల్టు బిగించి, కొవ్వు రాసి, దీపాలు పెట్టే వేళకు కారును దిమ్మెల మీద నుంచి దించాడు. అది రెండు పక్కలా సమంగా నిలబడింది. వీరాచారి చెయ్యి పెట్టి వెనక భాగం అదిమి చూసి, "మెత్తగ లేదప్పా, గానీ ఇరగదు," అన్నాడు. మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా, మసి చేతులతోనే వెళ్లిపోయాడు. ఆయన తల్లి ఆయన్ను గుమ్మంలోనే ఆపి తలమీద నీళ్లు పోసి గానీ లోపలికి రానివ్వలేదని విన్నాం.

చల్లారిన నూనెను ఆడవాళ్లు మళ్లీ పంచుకుని తీసుకుపోయారు. పారబోసే రోజులా అవి? ఎవరిది ఏదో తెలియకుండా కలిసిపోయిన ఆ నల్లటి నూనెతోనే చాలా రోజులు మా వంటలు నడిచాయి.

మంగళవారం తెల్లవారుతూనే అక్కను లేపి కూర్చోబెట్టారు. అమ్మ అక్కకు తెల్ల చీర కట్టి, రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టింది. అయ్యగారు ప్రార్థన చేశారు. కారు రోడ్డెక్కి, దుమ్ములో చిన్నదై, మలుపు తిరిగింది. ఆ రోజంతా అమ్మ ముఖంలో ఏదో వెలుగు ఉంది. దొరసాని తంతి చేరి ఉంటుంది, ఒక్క రోజు ఆలస్యానికి ఎవరు మాత్రం బిడ్డను తిప్పి పంపుతారు అని నాతో రెండు మూడుసార్లు అంది. నేను ఉట్టి మీది రాళ్లు దించుకుని ఆడుకున్నాను.

మరుసటి రోజు సాయంత్రం రోడ్డు మీద దుమ్ము లేవగానే పిల్లలమంతా గోడెక్కాం. కారు ముక్కు కనబడింది, తోలు పట్టా కనబడింది. నాయన తల కనబడాలి. రెండు తలలు కనబడ్డాయి.

తంతి అక్కడికి చేరనేలేదు. యుద్ధపు తంతుల వెనక అదెక్కడో ఆగిపోయిందట. మంగళవారం పొద్దునే ఆ మంచం ఇంకో పిల్లకు ఇచ్చేశారు. నాయన వసారాలో ఆ ఆసుపత్రి పెద్దల కాళ్లు పట్టుకున్నాడట. మళ్లీ ఖాళీ అయితే కబురు చేస్తామన్నారు. కిటికీలోంచి ఆ మంచం మీది పిల్లను అక్క చూసిందట. ఆ మాట నాకు తర్వాత చెప్పింది. "నాకన్నా సిన్న పిల్ల మే. పలక పట్టుకోని కూసుండాది," అని. దారి పొడుగునా కమాను మాత్రం ఎక్కడా చెయ్యివ్వలేదు. యుద్ధం అయిపోయి దొరసాని సీమకు వెళ్లిపోయేదాకా ఆ కారు ఆ పట్టీ మీదే తిరిగింది, అది విరగలేదు.

రెండోసారి మంచం ఖాళీ అయిందని కబురు వచ్చేసరికి అక్క కూర్చునే స్థితిలో లేదు. చలి మొదలయ్యే రోజుల్లో ఒక తెల్లవారుజామున వెళ్లిపోయింది. ఆ క్రిస్మస్‌కు ఆ వరసలో ఎవరూ కజ్జికాయలు వండలేదు. నేను విశ్వాసిని. అక్క ఎక్కడ ఉందో నాకు సందేహం లేదు, ఎవరి ఒడిలో ఉందో కూడా. కానీ ఆదివారమే కొలిమి వెలిగి ఉంటే సోమవారం సాయంత్రానికి అక్క ఆ మంచం మీద ఉండేదనే లెక్క ఏ ప్రార్థనతోనూ తుడిచిపెట్టుకుపోలేదు. నోట వచ్చిన మాటకు కట్టుబడి కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి కథ పాత నిబంధనలో ఉంది. గుడిలో ఆ భాగం చదివినప్పుడు అమ్మ లేచి బయటికి పోయేది.

అక్కను మట్టిచేసిన తర్వాత, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సంస్కారం వచ్చిన మొదటి ఆదివారం నాడు నాయన పెద్దల వరసలోంచి లేచి, గుడి చివర ద్వారం పక్కన ఒట్టి బండ మీద కూర్చున్నాడు. నిన్నెవరూ అక్కడ కూర్చోమనలేదు, ముందుకు రమ్మని అయ్యగారు స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకున్నారు. నాయన లేవలేదు.

"ఆ పొద్దు నేను కాపాడింది దేవుని మాటనా, దావీదుకు నేను చెప్పిన నా మాటనా? అది నాకు తెలిసిందాకా పిలవాకండయ్యా," అన్నాడు.

ఆ తర్వాత పెద్దరికం దావీదు మామకు వచ్చింది. ప్రతి సంస్కారానికీ మామ రొట్టె పళ్లెం పట్టుకుని అందరికీ ఇచ్చి, చివరికి ద్వారం దాకా నడిచి నాయన ముందు నిలబడేవాడు. నాయన తల అడ్డంగా ఊపేవాడు. మామ కాసేపు నిలబడి వెనక్కి తిరిగేవాడు. ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా అది అలాగే సాగింది. మామ పళ్లెం తీసుకురావడం ఒక్కసారి కూడా మానలేదు. నాయన ఒక్కసారి కూడా చెయ్యి చాపలేదు.

నిరుడు మనవడి కారులో ఆ దారినే పోతూ ఆదివారం కాబట్టి అక్కడ ఆగాం. ఆసుపత్రి లేదు, ఇళ్ల వరస లేదు, వాటి చోట దుకాణాలు. గుడిని పడగొట్టి పెద్దది కట్టారు. మెరిసే టైల్సు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకులు. ఆరాధన జరుగుతుండగానే బయట దుకాణాల షట్టర్లు లేచి ఉన్నాయి, వాటిలో సగం మా వాళ్లవే. ఆదివారం నువ్వేం చేశావని ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. ఆ రోజు సంస్కారం. చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం కుర్చీ కుర్చీకీ అందరికీ వచ్చింది, నాకూ వచ్చింది, తీసుకున్నాను. ఎవరూ వెనక ఆగిపోలేదు. అది మంచిదే, కృప అంటే అదే అని నేనూ నమ్ముతాను. బయటికి వస్తూ ద్వారం పక్కన చూశాను. నాయన కూర్చున్న చోట పాత బండల్లో ఒక్కటి మాత్రం మిగిలింది. దాని మీద జనం చెప్పులు విడిచారు. మనవడు నా చెప్పులు వెతికి తెచ్చేదాకా నేను ఆ బండ పక్కనే నిలబడ్డాను.